ఒక రోగి – నాలుగు టికెట్లు

ప్రతిపక్షంలో కూర్చున్న నాయకుడు ఎవరైనా సరే, రెండు విషయాలను మాత్రం వదలడు. ఒకటి సర్కారు ఆసుపత్రి, రెండోది బస్సు చార్జీ. ఈ రెండింటి మీద ఏదో ఒక కోపం లేని ఇల్లు మన రాష్ట్రంలో ఉండదు కాబట్టి, సభలో ఆ మాట ఎత్తితే చాలు చప్పట్లు పడతాయి. వచ్చే శాసనసభ ఎన్నికల్లో మనలో చాలామంది మొదటిసారి ఓటు వేయబోతున్నాం. అందుకని ఆ చప్పట్లు కొట్టే ముందు మనం ఏం అడగాలి అన్నదాని మీద నాకు తోచింది రాస్తున్నాను. తరగతిలో కొందరు ఒప్పుకోరని తెలుసు. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకు జవాబు రాయండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆసుపత్రి గురించి ఒక సభలోనూ, బస్సు గురించి ఇంకో సభలోనూ మాట్లాడే నాయకుడు సగం మాటే మాట్లాడుతున్నాడు. మన ఇళ్ళలో ఆ రెండూ వేరు వేరు ఖర్చులు కావు. బస్సు చార్జీయే ఆసుపత్రికి మనం కట్టే మొదటి ఫీజు.

లెక్క చాలా చిన్నది. జీ.హెచ్.లో ఓ.పి. చీటీకి డబ్బు లేదు, డాక్టరు చూసినందుకు డబ్బు లేదు, మాత్రలకూ డబ్బు లేదు. కానీ అక్కడిదాకా వెళ్ళాలి కదా! జ్వరమో, కాళ్ళవాపో, నెలలు నిండిన కడుపో ఉన్న మనిషి ఒంటరిగా వెళ్ళదు, తోడు ఒకరు వెళ్తారు. పోవడానికి రెండు టికెట్లు, రావడానికి రెండు. ఒక రోగికి నాలుగు టికెట్లు. రక్తపరీక్ష ఫలితం రేపు వచ్చి తీసుకోమంటే ఇంకో రెండో, నాలుగో. తోడు వెళ్ళినవాళ్ళ ఆ రోజు కూలి ఈ లెక్కలోకి రాలేదు. ఉచిత వైద్యం అనే మాట ఆసుపత్రి గేటు లోపల నిజం. గేటు బయట అది ఎంత దూరం నిజం అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన తమిళనాడులోనే మంచి ఉదాహరణ ఉంది. 2018 జనవరి 19న అప్పటి పళనిస్వామి ప్రభుత్వం బస్సు చార్జీలు పెంచుతున్నట్టు ప్రకటించింది. మరునాటి నుంచే కొత్త ధర. అంతకు ముందు 2011 నవంబరులో పెంచారు, ఆ తరువాత ఆరేళ్ళకు పైగా పెంచలేదు, డీజిలూ జీతాలూ పెరిగి రవాణా సంస్థలు నష్టాల్లో మునిగాయి అన్నది ప్రభుత్వం వాదన. అందులో అబద్ధం లేదు. కానీ ఆరేళ్ళ భారాన్ని ఒకే రాత్రి జనం నెత్తిన దించారు. మొఫసిల్ సాధారణ బస్సుల్లో కిలోమీటరుకు 42 పైసలున్న చార్జీ 60 పైసలైంది. కాలేజీ పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కారు, ఊరూరా ధర్నాలు జరిగాయి. జనవరి నెలాఖరుకు ప్రభుత్వం కొంచెం తగ్గించింది. 60 పైసలు 58 అయింది.

ఈ పైసలను మన నాలుగు టికెట్ల లెక్కలో పెట్టి చూద్దాం. ఆసుపత్రి 30 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. చిల్లర సర్దుబాటు పక్కన పెడితే పాత ధరలో ఒక టికెట్టు 12 రూపాయల 60 పైసలు, నాలుగు టికెట్లు 50 రూపాయల 40 పైసలు. పెంచాక నాలుగింటికి 72 రూపాయలు. తగ్గించాక 69 రూపాయల 60 పైసలు. అంటే ఒక్క ప్రయాణం మీద 21 రూపాయల 60 పైసలు పెంచి, 2 రూపాయల 40 పైసలు తిరిగి ఇచ్చారు. రాష్ట్రమంతా అంత గోల చేస్తే వచ్చింది ఇదీ! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటే ఇదే. జబ్బుపడిన ఇంటికి అది గోరుచుట్టు మీద రోకటి పోటు.

అప్పుడు ప్రతిపక్ష నాయకుడు స్టాలిన్. ఆ తగ్గింపు కంటితుడుపు, పెంపు మొత్తం వెనక్కి తీసుకోవాలి అని పట్టుబట్టారు. ధర్నాలు చేశారు. అంతవరకూ ఏ ప్రతిపక్షమైనా చేసేదే. కానీ ఆయన ఇంకో పని కూడా చేశారు. రవాణా సంస్థలను ఎలా బాగుచేయవచ్చో చూడమని తమ పార్టీ తరఫున ఒక కమిటీ వేసి, ఆ నివేదికను ఫిబ్రవరిలో సచివాలయానికి వెళ్ళి ముఖ్యమంత్రి పళనిస్వామి చేతికి ఇచ్చారు. నివేదికలోని ప్రతి సూచనా గొప్పదని నేను చెప్పడం లేదు. కానీ "పెంచొద్దు" అని అరవడం వేరు, "పెంచకుండా ఎలా నడపాలో ఇదిగో" అని కాగితం మీద పెట్టడం వేరు. కాగితం మీద పెడితే రేపు మనం దాన్ని చూపించి అడగవచ్చు. అరుపును ఎవరు దాచిపెట్టుకుంటారు?

ప్రతిపక్ష నాయకుడి మాటకు విలువ కట్టాలంటే నాకు ఇది మొదటి కొలత. ఆయన ఏది వద్దంటున్నాడో అందరికీ వినపడుతుంది. దాని బదులు ఏం చేయమంటున్నాడో, ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలంటున్నాడో కూడా చెప్పాలి.

రెండో కొలత కుర్చీ మారాక తెలుస్తుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 2021 మే 7న స్టాలిన్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజే ఐదు ఉత్తర్వుల మీద సంతకం పెట్టారు. వాటిలో ఒకటి, సాధారణ చార్జీ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం. ఇంకొకటి, కరోనా వచ్చి ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాళ్ళ ఖర్చును బీమా పథకం కింద ప్రభుత్వమే భరించడం. బస్సూ ఆసుపత్రీ ఒకే రోజు, ఒకే బల్ల మీద! ఈ రెండింటినీ ఒకే రోజు పట్టించుకోవచ్చు అని అక్కడ రుజువైంది. బస్సు మాట ఆ పార్టీ ఎన్నికల మేనిఫెస్టోలో ఉన్నదే, చెప్పినట్టు మరునాటి నుంచే అమలైంది. ఇందులో మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. ఈ పథకం వల్ల ఒక్కొక్క ఆడమనిషికి నెలకు సగటున సుమారు 888 రూపాయలు మిగులుతున్నాయని రాష్ట్ర ప్రణాళికా సంఘం అధ్యయనంలో తేలింది. ఇళ్ళలో పని చేసే అమ్మలకు, పూలు అమ్మే అక్కలకు 888 రూపాయలు అంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు.

మరి మెచ్చుకోలేనిది? 2018లో మొత్తం వెనక్కి తీసుకోవాలని ఆయన అడిగిన ఆ పెంపును 2021 తరువాత ఆయన ప్రభుత్వం కూడా వెనక్కి తీసుకోలేదు. ఆడవాళ్ళకు టౌన్ బస్సు ఉచితమైంది, మొఫసిల్ బస్సులో 58 పైసలు 58గానే ఉన్నాయి. దీన్ని పెద్దగా ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఉచితం అనే పెద్ద మాట కింద ఆ చిన్న అంకె దాక్కుంది.

ఆసుపత్రి దారిలో ఈ తేడా చాలా ముఖ్యం. చెన్నైలో ఉండే మనకు తెల్లబోర్డు బస్సు ఎక్కితే ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికైనా, సెంట్రల్ ఎదురుగా ఉన్న జీ.హెచ్.కైనా టికెట్టు లేకుండా వెళ్ళవచ్చు. కానీ మన హాస్టల్లో పళ్ళిపట్టు వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు, హోసూరు, సాత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ ఊళ్ళలో టౌన్ బస్సు దగ్గరి బస్టాండుతో ఆగిపోతుంది. అక్కడి పి.హెచ్.సి.లో "ఇది మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అంటే, ఆ తరువాతి దారి మొఫసిల్ బస్సుది. జబ్బు ఎంత పెద్దదైతే ఆసుపత్రి అంత దూరం. ఆసుపత్రి ఎంత దూరమైతే ఉచిత టికెట్టు అంత పనికిరాదు. పైగా తోడు వచ్చేది నాన్నో అన్నో అయితే టౌన్ బస్సులో కూడా టికెట్టు కొనాలి.

ఈ లోటు ప్రభుత్వానికి తెలియనిది కాదు. నీలగిరి లాంటి కొండ ప్రాంతాల్లో టౌన్ బస్సులనేవే సరిగా లేకపోవడంతో అక్కడి ఆడవాళ్ళకు పథకం చేతికందలేదు. 2024-25 బడ్జెట్లో దాన్ని కొండ ప్రాంతాలకు కూడా విస్తరిస్తామని చెప్పారు. అంటే బస్సు మీద రాసిన పేరును బట్టి కాకుండా మనిషి వెళ్ళవలసిన దూరాన్ని బట్టి పథకాన్ని మార్చవచ్చు అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కొండ మీద ఒప్పుకున్నదాన్ని మైదానంలో ఆసుపత్రికి వెళ్ళే రోగి విషయంలో ఎందుకు ఒప్పుకోకూడదు?

దారి ఖర్చు తగ్గించడానికి ఇంకో మార్గం ఉంది. రోగిని బస్సెక్కించే బదులు మందునే ఇంటికి పంపడం. 2021 ఆగస్టు 5న "మక్కలై తేడి మరుత్తువం" అనే పథకం మొదలైంది, జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. దాన్ని ప్రారంభించింది కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో. ఊరి పేరు చూస్తేనే మనకు చుట్టరికం కనిపిస్తుంది. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు మాత్రలు ఇంటికే తెచ్చివ్వడం, మంచాన పడినవాళ్ళకు ఇంటి దగ్గరే సేవ, వ్యాయామ చికిత్స, కొందరికి డయాలిసిస్ సంచులు ఇవ్వడం ఇందులో ఉన్నాయి. 2024లో ఐక్యరాజ్యసమితి టాస్క్‌ఫోర్స్ అవార్డు కూడా దీనికి వచ్చింది.

మాది హోసూరు వైపే కాబట్టి ఒక్క మాట సొంతంగా చెప్తాను. మా అవ్వకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఇదివరకు నెలనెలా మాత్రల కోసం రెండు బస్సులు మారి వెళ్ళేది, వెంట మా అత్త. ఆ రోజు ఇద్దరికీ పొలం పని లేనట్టే. చార్జీకి డబ్బు లేని నెలలో అవ్వ రోజుకు రెండు వేసుకోవలసిన మాత్ర ఒకటే వేసుకుని నెట్టుకొచ్చేది, ఎవరికీ చెప్పేది కాదు. ఇప్పుడు మాత్రలు ఇంటికి వస్తున్నాయి, ఆ సగం మాత్రల లెక్క పోయింది. కంటిపరీక్షకీ, గుండె పరీక్షకీ మాత్రం ఇంకా నాలుగు టికెట్లే. ఇలాంటి అవ్వలు మనలో ఎంతమందికి ఉన్నారో మీకే తెలుసు. మాత్ర ఉచితమైనా మాత్ర దగ్గరికి వెళ్ళే దారి ఉచితం కాకపోతే మనిషి ఏం చేస్తుందో వాళ్ళను అడిగితే తెలుస్తుంది.

ఇక అవతలి పక్షం వైపు చూద్దాం. 2021 తరువాత కుర్చీలు తారుమారయ్యాయి. చార్జీలు పెంచిన పళనిస్వామి ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆయన ప్రభుత్వం 2020 డిసెంబరులో "అమ్మ మినీ క్లినిక్కులు" మొదలుపెట్టింది. మొత్తం 2,000 అన్నారు, వాటిలో ఎక్కువ భాగం పల్లెల్లో. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు, చిన్న చిన్న జబ్బులకు ఊళ్ళోనే మందు. 2022 జనవరిలో కొత్త ప్రభుత్వం వాటిని ఆపేసింది. అది ఏడాది కోసం పెట్టిన తాత్కాలిక ఏర్పాటు, సరైన భవనాలూ వసతులూ లేవు అని ఆరోగ్యమంత్రి చెప్పారు. అన్నా డీఎంకే అది రాజకీయ కక్ష అంది.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. ఎన్నికలకు కొన్ని నెలల ముందు, ఉద్యోగులను తాత్కాలికంగా తీసుకుని, అంత హడావుడిగా 2,000 క్లినిక్కులు తెరవడం బలమైన పని కాదు. అలాగని వసతి లేదంటే వసతి కల్పించాలి కానీ తలుపు మూయడమేమిటి? 2023 జూన్‌లో ప్రభుత్వం 500 పట్టణ ఆరోగ్య కేంద్రాలు తెరిచింది, అది మంచిదే. కానీ అవి పట్టణాలవి. పల్లెలో మూతపడిన క్లినిక్కు దగ్గర ఉన్న అమ్మ మళ్ళీ బస్టాండుకు నడిచింది. ఒక క్లినిక్కు మూసినప్పుడు ఎన్ని కొత్త టికెట్లు పుడతాయో లెక్కవేసిన నాయకుడు ఏ పక్షంలోనూ నాకు కనపడలేదు. క్లినిక్కు కోసం నిలదీసిన పళనిస్వామి కూడా తాము పెంచిన 58 పైసల గురించి మాట్లాడరు. ఆయనకు అది పాత ఫైలు.

కార్మికుల విషయం కూడా ఇలాగే తిరగబడింది. 2018 జనవరిలో చార్జీల పెంపుకు ముందే రవాణా కార్మికులు జీతాలు, బకాయిల కోసం ఎనిమిది రోజులు సమ్మె చేశారు. అప్పుడు డీఎంకే సంఘం సమ్మెలో ఉంది. 2024 జనవరిలో మళ్ళీ సమ్మె జరిగింది, ఈసారి అన్నా డీఎంకే సంఘం వీధిలోకి వచ్చింది. డ్రైవరూ కండక్టరూ అడిగేది చాలావరకు అదే, అడిగించే జెండా మారింది. రెండుసార్లూ బస్టాండులో చేతిలో ఆసుపత్రి చీటీతో నిలబడ్డ మనిషి మాత్రం మారలేదు.

అలాగని మన రాష్ట్రంలో అన్నీ ఇలాగే జరుగుతాయని అనడం అన్యాయం. ప్రసూతి సాయం చూడండి. మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరు మీద 1980ల చివరలో మొదలైన పథకం అది. 2006లో డీఎంకే దాన్ని 6,000 రూపాయలు చేసింది, 2011లో అన్నా డీఎంకే 12,000 చేసింది, తరువాత 18,000 అయింది. ఎవరూ రద్దు చేయలేదు, ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయారు. సర్కారు ఆసుపత్రులకు మందులు కొని సరఫరా చేసే వైద్య సేవల కార్పొరేషన్ 1994లో జయలలిత కాలంలో పుట్టింది, ఆ తరువాత వచ్చిన అందరూ నడిపారు. 2009లో కరుణానిధి కాలంలో వచ్చిన ఆరోగ్య బీమా 2012లో పేరూ రూపూ మార్చుకుంది, కానీ చేతిలో కార్డు ఉండిపోయింది. పేరు ఎవరిదైనా పెట్టుకోండి, తలుపు మాత్రం తెరిచి ఉంచండి. ఇది మనం అడగగలిగిన అతి చిన్న కోరిక.

నాతో వాదించేవాళ్ళు రెండు మాటలు అంటారని ఊహించగలను. మొదటిది, ఇలా అన్నీ ఉచితం అంటూ పోతే రవాణా సంస్థలు మునగవా అని. నిజమే, డబ్బు ఆకాశం నుంచి రాదు. ఆడవాళ్ళ ఉచిత ప్రయాణానికి 2021లో ఏడాదికి 1,200 కోట్లు రవాణా సంస్థలకు ఇస్తామన్నారు. 2023-24 బడ్జెట్లో అది 2,800 కోట్లైంది. అది మనందరి పన్ను. కాబట్టి ప్రభుత్వం ఆ డబ్బు సకాలంలో కడుతోందా, దానితో బస్సులు పెరిగాయా తగ్గాయా అని అడగడం మన హక్కే కాదు, పని కూడా. ఉచిత టికెట్టు ఉండి బస్సు రాకపోతే అది ఉచితం కాదు, ఎదురుచూపు. ప్రతిపక్షం గట్టిగా పట్టుకోవలసిన చోటు ఇది. పథకం దండగ అని ఎగతాళి చేయడం కంటే, మా ఊరికి రోజుకు ఎన్ని బస్సులు వస్తున్నాయి అని సభలో అడగడం వందరెట్లు మేలు.

రెండోది, ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారు అనే మాట. 2022లో అప్పటి మంత్రి పొన్ముడి ఒక సభలో, మీరంతా బస్సుల్లో "ఓసీ"లోనే కదా వెళ్తున్నారు అన్నారు. పెద్ద దుమారం లేచింది. పథకం తెచ్చిన ప్రభుత్వంలోని మంత్రే అలా అన్నారంటే, ఆ టికెట్టును మనసులో ఏ ఖాతాలో రాసుకున్నారో అర్థమవుతుంది: దానం ఖాతాలో. మన తెలుగిళ్ళలో కూడా ఓసీ అనే మాట వాడతాం, దానిలో చిన్నచూపు ఎంత ఉందో తెలుసు. పొద్దున్నే నాలుగు ఇళ్ళలో పని చేసి, మధ్యాహ్నం బిడ్డకు టీకా వేయించడానికి బస్సెక్కే మనిషి ఎవరి సొమ్మూ తినడం లేదు. ఆమె కొనే సబ్బుబిళ్ళ లాంటి ఎన్నిటి మీదనో పన్ను కడుతూనే ఉంది. ఆసుపత్రి చీటీకి డబ్బు తీసుకోకపోతే ఎవరూ ఓసీ అనరు. మరి ఆసుపత్రి దారికి తీసుకోకపోతే ఎందుకు అనాలి?

కాబట్టి ఓటు అడగడానికి వచ్చేవాళ్ళను, అధికారంలో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కూడా, నాలుగు మాటలు అడుగుదాం. ఒకటి: పెద్దాసుపత్రికి పంపిన రోగికీ, వెంట వెళ్ళే ఒక తోడుకూ, ఆడైనా మగైనా, మొఫసిల్ సాధారణ బస్సులో టికెట్టు తీసివేస్తారా? పి.హెచ్.సి. ఇచ్చే చీటీనే దానికి రుజువుగా పెట్టవచ్చు. రెండు: ఓ.పి. పొద్దున పూట నడుస్తుంది కదా, ఆ వేళకు చేరేలా పల్లె బస్సు వేళలు మారుస్తారా? ఇది డబ్బు కంటే ఎక్కువగా బుద్ధి పెట్టవలసిన పని. మూడు: ముందువాళ్ళు తెరిచిన క్లినిక్కును మూయాలనుకుంటే, దానికి బదులు ఎక్కడ, ఎంత దూరంలో తెరుస్తున్నారో మూసే ముందే చెప్తారా? నాలుగు: ఇవన్నీ చేయడానికి ఎంతవుతుంది, ఎక్కడినుంచి తెస్తారు?

నాలుగో ప్రశ్నకు తడుముకునే నాయకుడిని నేను తప్పుపట్టను, లెక్క కష్టమైనదే. కానీ మొదటి మూడు ప్రశ్నలు తనకెప్పుడూ తట్టలేదు అన్నట్టు చూసే నాయకుడు, ఏ పార్టీ వాడైనా సరే, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళిన మనిషితో ఎప్పుడూ మాట్లాడలేదన్నమాట.

చివరగా ఒక పని చెప్తాను. ఈ గోడపత్రిక పక్కన ఒక తెల్లకాగితం అంటించాను. మీ ఊరి పేరు, అక్కడినుంచి పెద్దాసుపత్రికి ఎన్ని బస్సులు మారాలి, ఇద్దరు పోయి రావడానికి ఎంతవుతుంది – ఈ మూడే రాయండి. పేరు రాయక్కర్లేదు. టీచర్లు కూడా రాస్తే సంతోషం. కాగితం నిండాక, మేడంగారి అనుమతితో దాన్ని తమిళంలోకి మార్చి, మన ఊళ్ళకు ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ అభ్యర్థికీ ఒక్కొక్క కాపీ ఇద్దాం. మన దగ్గర కమిటీలు లేవు, సచివాలయంలో ఎవరూ తెలియదు. మన ఊరి బస్సు చార్జీ మాత్రం పైసలతో సహా తెలుసు.